కాబులీ, ఖాబిలీ, ఖుబూలీ: ఒక అఫ్ఘన్ పలావు పూర్వోత్తరాలు

అఫ్ఘనిస్తాన్‌లో అతిథికి చేయగల ఉత్తమ మర్యాద ఏదని ఆ దేశీయులలో ఎవరిని అడిగినా తరచుగా వచ్చే సమాధానం ఒక్కటే. పొడుగు గింజ బియ్యంతో వండి రాశిగా పోసిన అన్నం, ఆ రాశి కడుపులో దాచిన గొర్రె మాంసపు ముక్కలు, పైన సన్నగా చీరి వేయించిన గాజరలు, ఎండు ద్రాక్షలు, కలిగినవారి ఇంట బాదం, పిస్తా పలుకులు కూడ. పష్తూన్, తాజిక్, హజారా, ఉజ్బెక్ అనే భేదం లేకుండ పెద్ద విందులలో ఈ వంటకానికి అగ్రస్థానం ఉన్నది. ఆధునిక గ్రంథాలు దీనిని ఆ దేశపు జాతీయ వంటకమని పేర్కొంటున్నవి. అయితే దీని పేరు ఏమిటి అన్న ప్రశ్న వేయగానే ఈ ఏకాభిప్రాయం చెదిరిపోతుంది. కొందరు కాబులీ పలావ్ అంటారు. కొందరు ఖాబిలీ పలావ్ అంటారు. ఇది కేవలం ఉచ్చారణ భేదమని తోచవచ్చును గాని, ఆ రెండు మాటల వెనుక రెండు వేర్వేరు చరిత్రలు ఉన్నవి. ఈ భోజనం ఒక రాజధాని నగరపు సొత్తా, లేక పలు జాతుల ఉమ్మడి సొత్తా అనే వివాదం ఆ ఒక్క అక్షరంలో ఇమిడి ఉన్నది.

పారశీక లిపిలో కాబుల్ నగరం పేరు ‘కాఫ్’ అనే అక్షరంతో మొదలవుతుంది. ‘ఖాబిల్’ అనే అరబీ పదం ‘ఖాఫ్’ అనే వేరొక అక్షరంతో మొదలవుతుంది. మొదటిది తెలుగు ‘క’ వంటిదే. రెండవది ఇంకా లోపల, కొండనాలుక వద్ద పుట్టే ధ్వని. దరీ భాష మాట్లాడేవారు ఈ రెండింటినీ స్పష్టంగా వేరు చేసి పలుకుతారు. తెలుగు లిపిలో రెండవ ధ్వనికి అక్షరం లేదు. కనుకనే ఖురాన్, ఖుతుబ్ షాహీ వంటి మాటలను ‘ఖ’తో రాసి సరిపెట్టుకొనడం తెలుగువారికి అలవాటైనది. కాబులీ అంటే కాబుల్ నగరానికి చెందినది. ఖాబిలీ అన్న మాటకు యోగ్యమైనది, సామర్థ్యానికి సంబంధించినది అని అర్థం చెప్పుకుంటారు. చేయి తిరిగిన వంటవాడు తప్ప దీనిని వండలేడు గనుక ఆ పేరు వచ్చినదని లోకంలో ఒక వివరణ ప్రచారంలో ఉన్నది.

ఈ వివరణలో చమత్కారం ఉన్నది గాని చారిత్రక బలం తక్కువ. వంటకాల పేర్లకు ప్రజలు చెప్పుకునే కథలలో చాలా భాగం పేరు పుట్టిన తరువాత పుట్టినవే. అలాగని కాబులీ అన్నదే అసలు పేరని, ఖాబిలీ దాని అపభ్రంశమని కొట్టివేయడం కూడ తొందరపాటే అవుతుంది. ఎందుకంటే ఈ వరుసలో మూడవ మాట ఒకటి ఉన్నది. అది ఖబూలీ. దాని సాక్ష్యం మొగలు చక్రవర్తి వంటశాలలో దొరుకుతున్నది.

అబుల్ ఫజల్ 16వ శతాబ్ది చివరి దశకంలో ముగించిన ఆయినె అక్బరీలో రాజ వంటశాల నిర్వహణకు ప్రత్యేక ప్రకరణాలు కేటాయించినాడు. వంటకాలను మూడు తరగతులుగా విభజించినాడు. మాంసం లేని ‘సూఫియానా’ భోజనం ఒకటి, మాంసమూ బియ్యమూ మొదలైనవి కలిసినవి రెండు, మసాలాలతో వండిన మాంసాలు మూడు. రెండవ తరగతిలో ఖబూలీ కనిపిస్తుంది. కొలతలు ఇలా ఉన్నవి: బియ్యం 10 సేర్లు, మాంసం 7 సేర్లు, నెయ్యి మూడున్నర సేర్లు, పొట్టు తీసిన శనగలు 1 సేరు, ఉల్లి 2 సేర్లు, ఉప్పు అర సేరు, పచ్చి అల్లం పావు సేరు. దాల్చినచెక్క, మిరియాలు, జీలకర్ర ఒక్కొక్క దాము ఎత్తు. ఏలకులు, లవంగాలు అర దాము చొప్పున. కొందరు బాదంపప్పు, ఎండు ద్రాక్ష కూడ చేర్చుతారని, ఇది ఐదు పళ్ళాలకు వస్తుందని అబుల్ ఫజల్ ముగించినాడు. అక్బరు కాలపు సేరు నేటి లెక్కలో రమారమి 630 గ్రాములు. అంటే 6 కిలోలకు పైబడిన బియ్యానికి 2 కిలోలకు పైబడిన నెయ్యి అన్నమాట. చక్రవర్తి భోజనం గనుక ఆశ్చర్యపడనక్కర లేదు.

ఈ జాబితాలో ఉన్నవాటి కన్న లేనివే ఎక్కువ ఆసక్తికరమైనవి. నేటి అఫ్ఘన్ పలావుకు ప్రాణమైన గాజర ఇందులో లేదు. చక్కెర లేదు. శనగలు మాత్రం ఉన్నవి. నేటి అఫ్ఘన్ పళ్ళెంలో శనగలు సాధారణంగా కానరావు. కనుక ఇది ఆ వంటకమే అనడానికి వీలు లేదు, దూరపు చుట్టమని మాత్రం అనవచ్చును. పేరు విషయంలో మరొక సంగతి గమనింపదగినది. అదే గ్రంథంలో అబుల్ ఫజల్ కాబుల్ సుబాను సవిస్తరంగా వర్ణించినాడు. కాబుల్ శనగలను సామాన్య శనగల నుండి వేరు చేసి పేర్కొన్నాడు. 1585 నుండి కాబుల్ నేరుగా అక్బరు పాలనలో ఉన్న రాష్ట్రం. ఆ నగరం పేరును ఏ అక్షరంతో రాయాలో తెలియని లేఖకుడు ఆ దర్బారులో ఉండడు. అయినప్పటికీ ఈ వంటకం పేరును ఖాఫ్‌తోనే, అంగీకారమనే అర్థం గల ‘ఖబూల్’ శబ్దం నుండి వచ్చినట్లుగానే రాసినారు. కాబట్టి మాంసం, బియ్యం, ఎండు ఫలాలు కలిసే ఒక విందు వంటకానికి ఖాఫ్ అక్షరంతో కూడిన పేరు, కాబుల్ నగరంతో నిమిత్తం లేకుండ, 16వ శతాబ్దిలోనే వాడుకలో ఉన్నదని తేలుతున్నది. కాబుల్ పేరు దానికి అంటుకొనడం ఆ నగరం రాజధాని అయిన తరువాతి పరిణామమని ఊహించుటకు ఇది ఆస్కారమిస్తున్నది.

ఖబూలీకి దక్కనులో కూడ ఒక శాఖ ఉన్నది. హైదరాబాదు ముస్లిం కుటుంబాలలో శనగపప్పుతో వండే అన్నాన్ని ఖుబూలీ అంటారు. దక్కనీ ఉర్దూలో ఖాఫ్ ధ్వని ‘ఖ’గా మారడం అందరికీ తెలిసిన విషయమే. ఉత్తరాది వారు ఈ అలవాటును ఎగతాళి చేయడం కూడ కద్దు. ఖబూలీ ఆ విధంగా ఖుబూలీ అయినది. ఆయినె అక్బరీలోని శనగ హైదరాబాదు వంటింట్లో నిలిచి ఉండగా, బాదమూ ద్రాక్షా హిందూకుష్ పర్వతాల వైపు నిలిచిపోయినవి.

పేరు సంగతి అటుంచి, బియ్యం చరిత్ర చూడవలసి ఉన్నది. తొలి అరబ్బుల భోజనంలో బియ్యానికి స్థానం లేదు. మాంసపు రసంలో రొట్టె ముక్కలు నానవేసిన ‘సరీద్’ వారి శ్రేష్ఠమైన ఆహారం. ప్రవక్త ముహమ్మద్ (స) దానిని ఇతర ఆహారాల కన్న మిన్నగా ఎంచినట్లు హదీసు గ్రంథాలు తెలుపుతున్నవి. దక్షిణ ఇరాక్‌ను జయించిన సైనికులకు ఒక చోట ఖర్జూరాల బుట్ట, ఊక తీయని ధాన్యపు బుట్ట దొరికినవట. ఖర్జూరాలు తిని, ధాన్యాన్ని శత్రువులు వదలి వెళ్ళిన విషమని తలచి దూరంగా ఉంచినారని ఒక కథ ఉన్నది. కథలో నిజమెంత ఉన్నా, బియ్యం వారికి కొత్త అన్న జ్ఞాపకం అందులో నిలిచినది. అబ్బాసీల కాలం నాటికి పరిస్థితి పూర్తిగా మారిపోయినది. 10వ శతాబ్దిలో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాక్ బాగ్దాదులో కూర్చిన వంటల గ్రంథంలో బియ్యపు వంటకాలు ఉన్నవి. క్రీ.శ. 1226లో, అంటే హిజ్రీ 623లో, ముహమ్మద్ బిన్ హసన్ అల్ బాగ్దాదీ రచించిన ‘కితాబుల్ తబీఖ్’లో ‘ముఫల్‌ఫల్’ అనే అన్నం కనిపిస్తుంది. మిరియపు గింజల వలె ఒకదానికొకటి అంటుకోకుండ ఉండే మెతుకులు గలది అని దాని భావం. పలావు కళకు మూలసూత్రం ఇదే.

పలావు అనే పేరు పారశీకం. దీనికి సంస్కృతంలోని ‘పులాక’ శబ్దంతో బంధుత్వం ఉండవచ్చునని కొందరు పండితుల ఊహ. స్థాలీపులాక న్యాయం తెలిసిన తెలుగు పాఠకునికి ఆ మాట కొత్త కాదు. కుండలోని ఒక్క మెతుకు పట్టి చూచి అన్నం ఉడికినదో లేదో చెప్పడమే ఆ న్యాయం. ఊహ ఆకర్షణీయమైనదే గాని ఇంకా నిర్ధారణ కాలేదు. అలెగ్జాండరు సమర్కందులో పలావు తిని దాని పాకం నేర్చుకొనిపోయినాడనే కథ కూడ తరచు వినిపిస్తుంది. దానికి సమకాలీన ఆధారమేదీ లేదు. సఫవీల కాలానికి వచ్చేసరికి మాత్రం కాలు మోపడానికి గట్టి నేల దొరుకుతుంది. హాజీ ముహమ్మద్ అలీ బావర్చీ 1521లో రచించిన ‘కార్‌నామా’, షా అబ్బాసు వంటవాడైన నూరుల్లా ఆ శతాబ్ది చివర రచించిన ‘మాద్దతుల్ హయాత్’ అనే పారశీక గ్రంథాలలో పలావులు విస్తారంగా ఉన్నవి. ఆ నాటికే పలావు ఇరాన్, తూరాన్, హిందూస్థాన్ రాజభవనాల ఉమ్మడి భాషగా మారినది.

ఆ కాలంలో కాబుల్ పాత్ర ఏమిటి? 1333 ప్రాంతంలో ఆ మార్గాన ప్రయాణించిన ఇబ్న్ బతూతా, ఒకప్పటి మహానగరమైన కాబుల్ ఒక గ్రామంగా మిగిలినదని రాసినాడు. ఖురాసాన్ సంస్కృతికి కేంద్రం హెరాత్. బాబరు 1506లో హెరాత్ వెళ్ళినప్పుడు, ఒక విందులో తన ముందు పెట్టిన బాతును కోయడం చేతకాక దానిని ముట్టకుండ ఊరుకున్నానని ఆత్మకథలో స్వయంగా చెప్పుకున్నాడు. తైమూరు వంశీయుల దస్తర్‌ఖాన్ మర్యాదలు ఎంత సున్నితమైనవో, ఫర్గానా నుండి వచ్చిన ఆ యువ రాజుకు అవి ఎంత కొత్తగా తోచినవో దీనివలన తెలియుచున్నది.

1504లో కాబుల్‌ను గెలిచిన బాబరు ఆ ప్రాంతపు పంటలను, పండ్లను వ్యవసాయదారుని కంటితో వర్ణించినాడు. చలి ప్రాంతంలో ద్రాక్ష, దానిమ్మ, జల్దారు, ఆపిల్, బాదం, అక్రోటు. లమ్‌గాన్ వైపు వేడి ప్రాంతంలో నారింజ, చెరకు. హిందూస్థాన్ నుండి చక్కెర, గుడ్డలు, సుగంధ మూలికలు మోసుకొని బిడారులు ఏటా ఆ నగరానికి వచ్చేవని, ఏడు నుండి పది వేల గుర్రాలు అక్కడికి చేరేవని, పదకొండు పన్నెండు భాషలు అక్కడ వినిపించేవని అతడు రాసినాడు. పలావు పళ్ళెంలోని సరుకులను ఈ వర్ణన పక్కన పెట్టి చూస్తే విషయం బోధపడుతుంది. ద్రాక్ష, బాదం స్థానికం. చక్కెర, మసాలాలు దక్షిణం నుండి. బియ్యం తూర్పు లోయల నుండి, ఉత్తర మైదానాల నుండి. గొర్రె, దాని తోకలోని కొవ్వు సంచార జాతుల నుండి. ఇవన్నీ ఒక చోట దొరికే అంగడి కాబుల్. ఆ పళ్ళెం ఆ అంగడిలో తప్ప అంత సులభంగా సమకూడేది కాదు. కాబులీ అనే పేరును సమర్థించేవారికి అన్నిటి కన్న బలమైన వాదం ఇదే.

ఇక గాజర. నేడు క్యారెట్ అనే పేరుతో తెలుగు అంగళ్ళలో అమ్ముడుపోయే ఈ దుంప పుట్టినిల్లు అఫ్ఘనిస్తాన్, దాని పరిసరాల మధ్య ఆసియా. రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు నికొలాయ్ వవిలోవ్ 1924లో అఫ్ఘనిస్తాన్‌లో పర్యటించి అక్కడి గాజర రకాల వైవిధ్యాన్ని గుర్తించినాడు. 2016లో వెలువడిన జన్యు పరిశోధన కూడ మధ్య ఆసియా మూలాన్ని బలపరచినది. అక్కడి పాత రకాలు ఊదా, పసుపు రంగువి. దరీలో దాని పేరు ‘జర్దక్’, అంటే పచ్చనిది. నారింజ రంగు గాజర ఐరోపాలో 16, 17 శతాబ్దాలలో స్థిరపడినది. నేటి ఛాయాచిత్రాలలో పలావు పైన మెరిసే ఆ రంగు కాబుల్‌కు ఐరోపా చుట్టి తిరిగి వచ్చినదన్నమాట. 1526 డిసెంబరులో ఇబ్రహీం లోడీ తల్లి పెట్టించిన విషాహారం తిన్న పూట తాను ఇంకేమేమి తిన్నదీ బాబరు ఒక లేఖలో లెక్క చెప్పినాడు. బెవరిడ్జ్ అనువాదం ప్రకారం కుందేటి మాంసంతో పాటు వేయించిన గాజరలు కూడ అందులో ఉన్నవి. మాంసం పక్కన వేయించిన గాజర కాబుల్ నుండి వచ్చిన ప్రభువుకు అలవాటైన రుచి అనడానికి ఈ చిన్న సాక్ష్యం సరిపోతుంది.

ద్రాక్ష విషయం చెప్పాలంటే ఒక గ్రంథమే కావాలి. కాబుల్‌కు ఉత్తరాన షొమాలీ మైదానంలోను, దక్షిణాన కాందహార్‌లోను ‘కిష్‌మిష్ ఖానా’ అనే మట్టి కట్టడాలు ఉంటవి. గోడల నిండ గాలి కోసం వదలిన సందులు. గుత్తులను లోపల వేలాడదీసి నీడలో ఆరబెడితే ఆకుపచ్చని కిష్‌మిష్ వస్తుంది. ఎండలో ఆరబెట్టినది నల్లబడుతుంది. పలావుకు నల్లని రకం వాడటం ఎక్కువ. ఆ సరుకునే మూటగట్టుకొని చలికాలంలో హిందూదేశమంతట తిరిగిన వర్తకులు కాబూలీవాలాలు. 1892లో టాగూరు కథకు వస్తువైనది వారే. ఆంధ్ర, తెలంగాణ పట్టణాలలో వారు ఇంగువ అమ్మినవారుగాను, అంత కన్న ఎక్కువగా వడ్డీ వ్యాపారులుగాను గుర్తుండిపోయినారు. తెలుగు పాయసంలోని కిస్‌మిస్ ఆ మాటే, ఆ సరుకే.

వంట పద్ధతిలో రెండు మార్గాలున్నవి. బియ్యాన్ని మాంసపు రసంలోనే వేసి, రసమంతా ఇంకే వరకు ఉడికించేది ఒకటి. దానిని దమ్‌పుఖ్త్ అంటారు. బియ్యాన్ని వేరుగా నీళ్ళలో ముప్పాతిక వంతు ఉడికించి, వార్చి, తరువాత రసమూ కొవ్వూ చల్లి మూసి మగ్గబెట్టేది రెండవది. ఇది సాఫ్ పద్ధతి. కాబుల్ వంటవారు పెద్ద విందులకు రెండవ పద్ధతినే ఎక్కువగా ఆశ్రయిస్తారు. మొదట బియ్యం గంటల తరబడి నానాలి. ఉల్లిపాయలు ముదురు గోధుమ రంగు వచ్చే వరకు వేయించాలి. పలావు రంగు ఆ ఉల్లి నుండి, కొందరైతే కాచిన చక్కెర నుండి, వస్తుంది గాని పసుపు నుండి రాదు. దానిలో గొర్రె మాంసం వేయించి, నీరు పోసి మెత్తబడనిస్తారు. ఆ రసమే యఖ్నీ. జీలకర్ర, ఏలకులు, లవంగం, దాల్చినచెక్క కలిపిన ‘చార్ మసాలా’ ఒక్కటే సంబారం. మిరపకాయకు చోటు లేదు. గాజరను అగ్గిపుల్లల వలె చీరి, కొద్ది చక్కెరతో నూనెలో వేయించి, ద్రాక్షలు ఉబ్బే వరకు ఉంచి తీస్తారు. అడుగున మాంసం, పైన అన్నం, ఒక మూల గాజర, ద్రాక్ష మూట. మూతకు గుడ్డ చుట్టి సన్నని సెగపై దమ్ పెడతారు. హైదరాబాదు బిరియానీ వండేవారికి ఈ ‘దమ్’ గురించి వేరే చెప్పనక్కర లేదు.

వడ్డనలో కూడ ఒక మర్యాద ఉన్నది. నేలపై పరచిన దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్న అతిథుల వద్దకు ఇంటి పిల్లవాడు కూజా, తట్ట తెచ్చి చేతులపై నీళ్ళు పోస్తాడు. పళ్ళెంలో మాంసం పైకి కనబడకూడదు. అన్నం కింద దాచి ఉంచి, అతిథి వైపు మంచి ముక్క వచ్చేటట్లు చూడవలసిన బాధ్యత గృహస్థునిది. నలుగురైదుగురు ఒకే పళ్ళెంలో కుడిచేత్తో తినడం పాత అలవాటు.

ఇంత వరకు చెప్పినది విందు సంగతి. నిత్య భోజనం సంగతి వేరు. తెలుగువాడు ఎదుటివానిని ‘అన్నం తిన్నావా’ అని అడిగితే కాబుల్ వాడు ‘నాన్ తిన్నావా’ అని అడుగుతాడు. భోజనమంటే అక్కడ రొట్టె. 1808-09లో షా షుజా వద్దకు రాయబారిగా పెషావరు వెళ్ళిన ఎల్ఫిన్‌స్టన్, తన 1815 నాటి గ్రంథంలో, అఫ్ఘన్ల సామాన్యమైన ఇష్ట భోజనం ఉడికించిన మాంసం, దాని రసంలో నానవేసిన రొట్టె అని రాసినాడు. ఈ షోర్వా అరబ్బుల సరీద్‌కు తోబుట్టువు. పలావు సంపన్నుల భోజనం. కనుక జాతీయ వంటకమని నేడు పిలువబడేది, ఆ జాతిలో అత్యధికులు ఏటా పండుగలకు, పెళ్ళిళ్ళకు మాత్రమే రుచి చూచిన వంటకమని మరువరాదు. జాతీయ వంటకాలను గురించి రాసేవారు ఈ సంగతిని తరచు దాటవేస్తారు.

తైమూర్ షా 1770 దశకంలో రాజధానిని కాందహార్ నుండి కాబుల్‌కు మార్చడంతో పారశీక సంస్కృతిలో పెరిగిన కిజిల్‌బాష్ ఉద్యోగులకు, వారి అభిరుచులకు ఆ నగరంలో ప్రాబల్యం వచ్చినది. ఉత్తరాదితో సంబంధం మరొక విధంగా గట్టిపడినది. అమీర్ అబ్దుర్రహ్మాన్ పట్టాభిషేకానికి ముందు 1869 నుండి 1880 వరకు సమర్కంద్ ప్రాంతంలో ప్రవాసంలో గడిపినాడు. 1920లో బుఖారా బోల్షివిక్కుల వశం కాగా, దాని చివరి అమీర్ ఆలిమ్ ఖాన్ మరుసటి ఏడు కాబుల్ చేరి, 1944లో అక్కడే మరణించినాడు. వేలాది ఉజ్బెక్, తాజిక్, తుర్క్‌మెన్ కుటుంబాలు ఉత్తర అఫ్ఘనిస్తాన్‌లో స్థిరపడినవి. గాజర, మాంసం, బియ్యం ఒకే బానలో వండే ఉజ్బెకు ‘ఓష్’ ఆ కుటుంబాల నిత్య పరిచిత వంట.

బియ్యం సామాన్యునికి కొంత చేరువ కావడానికి రెండు పనులు తోడ్పడినవి. చావదలచినవాడు కుందూజ్ వెళ్ళాలి అనే సామెత పుట్టేటంతగా మలేరియా ప్రబలిన కుందూజ్ చిత్తడి నేలలను 1930 దశకంలో ఎండగట్టి పత్తి, వరి పండించసాగినారు. 1964లో హిందూకుష్ కింద సలాంగ్ సొరంగం తెరవడంతో కుందూజ్, బగ్లాన్ బియ్యం కాబుల్ అంగళ్ళకు ఏడాది పొడవునా చేరడం సులభమైనది. పూర్వం షిబర్ కనుమ చుట్టుదారే గతి.

చేరువ కావడం వలన కొత్త చిక్కు వచ్చినది. పెళ్ళి విందులో పలావు లేకపోతే పరువు లేదన్న భావన ఊరూరా పాకినది. వలీమా విందు సున్నత్. ఒక్క గొర్రెతోనైనా వలీమా చేయమని ప్రవక్త (స) అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్‌కు చెప్పినారు. సంపన్నులను పిలిచి పేదలను వదలివేసిన వలీమా భోజనం భోజనాలలో నికృష్టమైనదన్న హదీసు కూడ బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. ఆచరణలో మొదటిది నిలిచి రెండవది జారిపోయినది. వరుని కుటుంబం ఏళ్ళ తరబడి తీర్చవలసిన అప్పులో పలావు బానలది పెద్ద వాటా. అమానుల్లా ఖాన్ 1920 దశకం తొలి సంవత్సరాలలో జారీచేసిన వివాహ నిజామ్‌నామాలు ఈ ఖర్చును అరికట్టజూచినవి. 1978 అక్టోబరులో కమ్యూనిస్టు ప్రభుత్వం తన 7వ డిక్రీ ద్వారా వధువుకు చెల్లించే సొమ్మును 300 అఫ్ఘానీలకు పరిమితం చేసినది. 2015లో కాబుల్ పార్లమెంటు అతిథుల సంఖ్యను 500కు కుదించే శాసనాన్ని చేపట్టినది. ముగ్గురు వేర్వేరు సిద్ధాంతాల పాలకులు ఒకే సమస్యపై చేయి వేసినారు. ఏ ఒక్కరి మాటా ఆ బానల సంఖ్యను తగ్గించలేకపోయినది.

1979 డిసెంబరులో సోవియట్ సేనలు ప్రవేశించిన తరువాత దేశం విడిచిపోయినవారి సంఖ్య 1990 నాటికి 60 లక్షలు మించినది. 1999 వేసవిలో జరిగిన దాడులలో షొమాలీ ద్రాక్షతోటలు నరికివేయబడి, కాల్చివేయబడినవి. ఒక ద్రాక్షతోట తిరిగి కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. దేశం లోపల పళ్ళెం చిన్నబోయిన ఆ రోజులలోనే దేశం వెలుపల దాని కీర్తి పెరిగినది. పెషావరు, క్వెట్టా, కరాచీ, ఢిల్లీ లజ్‌పత్ నగర్‌లలో శరణార్థులు తెరిచిన భోజనశాలలలో ఈ వంటకం నలుగురికీ తెలిసినది. పాకిస్తాన్‌లో గొర్రెకు బదులు గొడ్డు మాంసం, బగ్లాన్ బియ్యానికి బదులు సేలా బాస్మతి వచ్చి చేరినవి. అంతకు ముందే హజ్ యాత్రకు వెళ్ళి హిజాజ్‌లో స్థిరపడిన మధ్య ఆసియావాసుల ద్వారా గాజర, ద్రాక్షలతో కూడిన అన్నం మక్కా, మదీనా, జిద్దాలలో ‘రుజ్ బుఖారీ’ అనే పేర ప్రసిద్ధి పొందినది. అక్కడి భోజనశాలలలో దాని సరసనే ‘కాబులీ’ అన్నం కూడ అమ్ముతారు.

2016లో యునెస్కో వారు ఉజ్బెకిస్తాన్ పలావును, తజికిస్తాన్ ఓషీ పలావ్‌ను మానవాళి వారసత్వ జాబితాలో వేర్వేరుగా చేర్చినారు. అఫ్ఘన్ పలావు ఆ ఏటి జాబితాలో లేదు.

ప్రవాసంలో పేరు తగాదా ఒక విధంగా తీరిపోయినది. పాకిస్తాన్ పట్టణాలలో ఈ పలావు పేరును కాఫ్‌తో ‘కాబులీ’ అనే రాస్తారు. ఏ రాష్ట్రం నుండి వచ్చినా, ఏ భాష మాట్లాడినా అఫ్ఘనుడు బయటివారికి కాబులీయే. తెలుగు పట్టణాలలో వడ్డీ వసూలుకు వచ్చిన పఠానును ఏ లోయవాడో ఎవరు అడిగినారు? 2023 అక్టోబరు నుండి పాకిస్తాన్ ప్రభుత్వం అఫ్ఘన్లను పెద్ద ఎత్తున వెనుకకు పంపుతున్నది. తోర్ఖమ్, చమన్ దారులలో తిరిగి వెళ్ళినవారిలో చాలామంది ఆ పేరుతోనే ఆ పలావును ఎరిగినవారు, దేశాన్ని తొలిసారి చూచినవారు. ఉత్తరాన మజారె షరీఫ్ వైపు మాత్రం ‘ఖాబిలీ ఉజ్బెకీ’ అనే పేరు ఇప్పటికీ ఖాఫ్‌తో, కొండనాలుక నుండే పలుకుతున్నది.